మా లారీ ఎక్కడ ఏడ్చింది

ఈ సంగతి నేను రాసిపెట్టక తప్పదని మొన్న హబ్సిగూడలో, మా తమ్ముడి కూతురు స్రవంతి కొత్త ఇంట్లో భోజనాల దగ్గర తేలిపోయింది. మాటల మధ్య మా నాయిన పాత లారీ ప్రస్తావన వచ్చింది. దాని నీళ్లు కారడం ఎలా ఆగిందో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పుకొచ్చారు. మా పెద్దనాయిన కొడుకు శంకరన్న రేడియేటర్‌లో పసుపు పోస్తే ఆగిందన్నాడు. మా మేనత్తేమో నాయినమ్మ దిష్టి తీస్తే ఆగిందని, ఆ ఎర్రనీళ్లు తన కళ్లతో చూశానని పప్పు కలుపుకుంటూ ప్రమాణం చేసింది. లారీ బాగుపడిన రోజు ఆమె కాచిగూడలో అత్తగారింట్లో ఉంది. స్రవంతి భర్త మర్యాదస్థుడు కాబట్టి ఇద్దరికీ తల ఊపాడు. నేను చదివిన పుస్తకం సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. ఇంటికొచ్చి తలుపు తోస్తే, అది గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్న ఇనుప ముద్ద కాలికి తగిలింది. అది ఆ లారీ వాటర్ పంపే. మొదటి నుంచి చివరి దాకా చూసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనూ, అదీ. అది మాట్లాడదు. కాబట్టి నేను రాస్తున్నాను.

అప్పుడు మా ఇల్లు తార్నాకలో, ఇప్పుడు మెట్రో స్తంభాలు నిలబడ్డ పెద్ద రోడ్డుకు వెనక సందులో ఉండేది. ఇంటి ముందు ఖాళీ జాగాలో లారీ. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన పాత రకం అది. నాయిన చేతికి వచ్చేసరికే దాని మొదటి రంగు ఏదో ఎవరికీ తెలియదు. తెల్లవారుతుండగా నాయినమ్మ వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ఇంటి ముందు ఒక ముగ్గు, లారీ ముక్కు ముందు ఒక ముగ్గు వేసేది. వట్టి ముగ్గుపిండి గాలికి పోతుందని, చీమలు చేరతాయని అందులో సున్నం పొడి కలిపేది. ఆ కలిపే పాళ్లు ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియవు. అడిగితే "ఇన్ని కలుపాలె" అని పిడికిలి చూపించేది. నాయిన ఇంజను స్టార్టయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. లారీ చుట్టూ తిరిగి, ముందు చక్రం మీది రేకును గేదెను తట్టినట్టు తట్టి, బకెట్టు నీళ్లు రేడియేటర్‌లో పోసి ఎక్కేవాడు. ఇప్పుడు పచ్చగా, గులాబీ రంగుగా సీసాల్లో అమ్మే కూలెంటు అప్పట్లో మా సందులో ఎవరికీ తెలియదు. మా లారీ కూలెంటు మా బోరింగు నీళ్లే. డీజిలు, గోనెసంచులు, చింతపండు, నిన్నటి ఉల్లిగడ్డ, ఇవన్నీ కలిసిన వాసన ఒకటి క్యాబిన్‌లో ఎప్పుడూ ఉండేది. ఇవాళ్టికీ ఏ కిరాణా కొట్టు వెనక గదిలోనో ఆ వాసన తగిలితే, నా చెయ్యి తనంతట తనే పట్టుకోవడానికి ఊచ కోసం వెతుకుతుంది.

ఆ ఊచ పట్టుకుని నేను రోజూ నాయిన పక్కన కూర్చుని యూనివర్సిటీకి వెళ్లేదాన్ని. చదువుకోవడానికి కాదు. పదో తరగతిలో లెక్కలు నాకు అడ్డం నిలబడ్డాయి, నేను వాటిని దాటలేదు. మా లారీ మార్కెట్ నుంచి హాస్టలు మెస్సులకు బియ్యం, కూరగాయలు మోసేది. మెస్సువాళ్లు ఇంగ్లీషులో రాసిచ్చే చీటీలు చదివి చెప్పడానికి నాయిన నన్ను వెంట తీసుకుపోయేవాడు. సరుకు దింపుతున్నంతసేపు నాకు పని లేదు. ఒకరోజు చెట్ల కింద నడుచుకుంటూ పోయి, ఇంత పెద్ద మెట్లున్న ఇల్లు ఎవరిదా అని ఎక్కాను. అది లైబ్రరీ. తలుపు దగ్గర బల్ల వెనక ఓబులేసు గారు కూర్చునేవారు. కడప వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చినాయన. కార్డు లేదు, నేను విద్యార్థిని కాదు అంటే, పైనుంచి కింది దాకా చూసి అడిగారు.

"మడి యాల వచ్చినావు పాపా?"

"చదువుదామని సార్."

"కార్డు ఉండేటోళ్లు అందరూ నిద్రపోయేకి వస్తారు. నువ్వన్నా సదువు పో. ఆ మూల కుర్చీలో కూసో. గురక పెడితే లేపి పంపిస్తా."

ఆ మూల కుర్చీ నా కాలేజీ. కప్పలు మొదలుకొని కాకతీయుల దాకా చేతికందిన అలమర చేతికందినట్టు చదివాను. ఇంటికొచ్చి ఆ రోజు తెలుసుకున్నది నాయినమ్మకు చెప్పకపోతే అన్నం దిగేది కాదు. ఆమె శ్రద్ధగా వినేది. కాకపోతే చాలా రోజుల దాకా ఆ చోటు పేరు లారీబరి అనీ, అక్కడ లారీలు నిలబెడతారనీ, నేను కాపలాకు పోతున్నాననీ అనుకుంది. "గా లారీబరిల నీడ ఉంటదా బిడ్డా?" అని అడిగేది. ఉంటుంది అనేదాన్ని. అబద్ధం కాదు.

ఆ ఏడు దసరా దాటాక లారీకి దాహం పట్టుకుంది. పొద్దున నిండా పోసిన రేడియేటర్ మధ్యాహ్నానికి అడుగంటేది. రానురాను క్యాబిన్‌లో నా కాళ్ల దగ్గర నీళ్ల క్యాను ఒకటి స్థిరనివాసం ఏర్పరచుకుంది. అడిక్‌మెట్ ఎత్తు ఎక్కేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీద పడుకునేది. ముక్కులోంచి ఆవిరి. నాయిన దిగి, తలకు చుట్టుకున్న తువ్వాలు చేతికి చుట్టుకుని, ఆవిరి చల్లారేదాకా నిలబడేవాడు. నాయినమ్మ విని తేల్చి చెప్పింది.

"దానికి వేడి చేసింది. ఎండల తిప్పుతరు, నూనె తాపుతరు, సల్ల తాపరు. వేడి చెయ్యదా మరి?"

మెకానిక్ ఖాజాభాయ్‌ది తార్నాక చౌరస్తాలో షెడ్డు. మా లారీని పేరు పెట్టి పిలిచేంత చనువున్న మనిషి. ఆయన పిలిచే పేరు ఇక్కడ రాయలేను. రేడియేటర్ కింది అంచు తడిగా ఉంది, దాని మీదంతా నీటిచుక్కలు ఉన్నాయి. "రేడియేటర్ ఖరాబైంది నర్సన్నా. పరేషాన్ కాకు, మాటు వేస్త" అన్నాడు. ఊడదీసి మాటు వేశాడు. రెండు రోజులు బాగుండి మళ్లీ అదే కథ. మళ్లీ మాటు. మళ్లీ కథ. రేడియేటర్‌కు అతుకులు తప్ప సొంత ఒళ్లు మిగల్లేదు.

ఒకరోజు టమాటల లోడుతో ఎత్తు మధ్యలో ఆగిపోయాం. మెస్సులో వంట ఆగింది. పిల్లలు పచ్చిపులుసుతో తిన్నారు. మెస్సు మేస్త్రి కేకలు వెయ్యలేదు. "నర్సింహన్నా, ఇంకోపారి గిట్లయితే వేరే బండి మాట్లాడుకుంటం, ఏమనుకోకు" అని మెల్లగా చెప్పాడు. ఆ మెల్లదనమే నాయినకు గుచ్చుకుంది. ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గడపలో కూర్చుని అన్నాడు.

"ఇగ ఒక్కపారి ఉడికిందంటే తూకానికి ఏస్త. పీడ పోతది."

నాయినమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం లోపల్లోపల రెండు మాటలు కూడుకున్నాను. లారీ పోతే లైబ్రరీ పోతుంది. లెక్కల్లో తప్పినదాన్నే కానీ ఈ లెక్క తప్పలేదు. కార్డు లేని పిల్లను మూల కుర్చీలో కూర్చోబెట్టే ఓబులేసు గారు ఇంకో చోట దొరకరు. తార్నాక నుంచి నేను ఒక్కదాన్నే నడిచి పోతానంటే మా ఇంట్లో పంపరు. పంపినా ఏం పని మీద అని చెప్పను?

మర్నాడు లైబ్రరీలో, నేనెప్పుడూ ముట్టని అలమర తెరిచాను. మోటారు బండ్ల మరమ్మతు మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంది. పక్కన నిఘంటువు పెట్టుకున్నాను. నీళ్లు కారే అధ్యాయం దొరికింది. కనిపించే తడి కారిన చోటు కాదు, చేరిన చోటు కావచ్చు అని అందులో ఉంది. మనుషుల గురించి కూడా ఇది నిజమేమో అనిపించి కాసేపు కిటికీలోంచి బయటికి చూశాను. తర్వాత పద్ధతి చెప్పారు. ఇంజను తుడిచి, ఆరబెట్టి, దాని మీద ఫ్రెంచి చాకు అనే సుద్దలాంటి తెల్లపొడి చల్లి నడపండి, తడి మొదలైన చోటు గీతలాగా కనిపిస్తుంది. ఇంకో పేజీలో వాటర్ పంపు బొమ్మ. దాని కింద చిన్న బెజ్జం. పేరు వీప్ హోల్. లోపలి సీలు పాడైతే ఆ బెజ్జంలోంచి చుక్కలు పడి మనకు తెలుస్తుందట. నిఘంటువు చూశాను. వీప్ అంటే ఏడ్చుట, కన్నీరు కార్చుట.

ఫ్రెంచి చాకు ఎక్కడ దొరుకుతుందని ఓబులేసు గారిని అడిగాను.

"ఫ్రాన్సు నుంచి యాడ తెస్తావు? క్లాసురూముల్లో మామూలు చాకుపీసులు కుప్పలు పడుండాయి. కానీ ఇయ్యను. గవర్నమెంటు సుద్ద లారీకి పూసినాడని రాస్తే నా పింఛను పోతాది." మళ్లీ ఆయనే గొంతు తగ్గించారు. "ఏం మ్మే, మీ ఇంట్లో ముగ్గు ఎయ్యరా?"

పుస్తకం బయటికి ఇవ్వరు. కావలసిన రెండు పేజీలు ఎక్కాల్లాగా బట్టీ పట్టి, లారీలో దారి పొడుగునా వల్లె వేసుకుంటూ ఇల్లు చేరాను. నాయిన ఓరగా చూశాడు కానీ ఏమీ అడగలేదు. ఆ వయసు పిల్లలు గొణుక్కుంటారని ఆయనకు ఎవరో చెప్పి ఉంటారు.

ఆదివారం పొద్దున ఖాజాభాయ్‌ని పిలిపించాం. "బేటీ కితాబు చదివి వచ్చింది, ఇగ నేను షెడ్డు బంద్ చేసి ఛాయ్ అమ్ముకోవాలె" అంటూనే వచ్చాడు. ఇంజను శుభ్రంగా తుడిచి, నాయినమ్మ ముగ్గు డబ్బా తెచ్చి, పొడి అంతటా చల్లాను. నాయిన ఇంజను స్టార్ట్ చేశాడు. ఫ్యాను తిరిగింది. ముగ్గంతా లేచి నా మీద, ఖాజాభాయ్ మీద పడింది. కళ్లు తప్ప ఇద్దరం తెల్లగా అయిపోయాం. ఈ ఫ్యాను సంగతి పుస్తకంలో రాశారో లేదో, నేను బట్టీ పట్టిన రెండు పేజీల్లో మాత్రం లేదు.

నాయినమ్మ నవ్వి నవ్వి అరుగు మీద కూర్చుంది. "లారీబరిల గిదేనా నేర్పేది? గోడకు సున్నం పొడిపొడిగ చల్లుతరా పోరీ? తడిపి పూస్తరు గని." ఆమే లేచి, డబ్బాలో మిగిలింది నీళ్లలో కలిపి, గోడల కుంచె పట్టుకుని ఇంజను ముందు భాగమంతా, పండగకు ఇంటికి వేసినట్టు వెల్ల వేసింది. అంచులు కూడా దిద్దింది. ఊరికే ఉండలేక ఒక మూల చిన్న తామర పువ్వు కూడా వేసింది. ఇంజను వెచ్చదనానికి అది చకచకా ఆరింది. ఈలోగా నేను మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్లాను. నేను తిరిగి వచ్చేసరికి నాయిన రేడియేటర్ మూత బిగిస్తూ, ఏమీ ఎరగనట్టు ఆకాశం చూస్తున్నాడు. నేను పట్టించుకోలేదు.

మళ్లీ స్టార్ట్ చేశాడు. ఖాజాభాయ్ ఇంజను రొద పెంచమని చెయ్యి ఊపాడు. అందరం బానెట్టు కింద తలలు పెట్టి చూస్తున్నాం. వెల్ల వెల్లగానే ఉంది. కొంతసేపటికి ఫ్యాను వెనక ఒక చుక్క కనిపించింది. తర్వాత గీత. ఆ గీత ఎర్రగా ఉంది.

తడి చారలు చూస్తాననుకున్నాను, రక్తం కాదు. నాయిన ఇంజను ఆపేశాడు. ఖాజాభాయ్ రెండు అడుగులు వెనక్కి వేసి "యా అల్లా, దీనికి నెత్తురు ఉన్నది" అన్నాడు. నాయినమ్మ మాత్రం తలపంకించింది.

"దిష్టినీళ్లు. నేను చెప్పలే? మన బండి మీద ఎవల కన్నో పడ్డది. గదే బయటికి పోతున్నది, పోనియ్యుండ్రి."

అప్పుడే అమ్మ వంటింట్లోంచి ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చింది. "పసుపంత ఎవలు తీసిండ్రు? పప్పుల ఎయ్యనీకె చిటికెడు లేదు."

నాయిన లారీ ముందు చక్రం మీది రేకును మెల్లగా తట్టాడు.

"డ్రైవర్లందరు పోస్తరు" అన్నాడు చివరికి, చక్రానికి చెబుతున్నట్టు. "పసుపు పోస్తె సన్న పగుళ్లు పూడుకపోతయంటరు. నీ కితాబు మీద నమ్మకం లేక కాదు బిడ్డా. ఎందుకన్న మంచిదని."

నాకు నవ్వు ఆగలేదు. దిష్టి తీసే పళ్లెంలో నాయినమ్మ చేసేదీ అదే కదా. పసుపు నీళ్లలో ఇంత సున్నం వేస్తే ఎర్రబడతాయి. లారీ లోపల నాయిన పసుపు, బయట నాయినమ్మ సున్నం. రెండూ ఎక్కడ కలిశాయో అక్కడ ఎరుపు. ఆ పుస్తకం రాసినాయన ఎవరో కానీ, ఆయనకు ఇంత మంచి పరీక్ష తట్టలేదు. తెల్లపొడి మీద తెల్లనీళ్లు వెతుక్కోమన్నాడు, పాపం.

ఎరుపు వెంట వెనక్కి వెళ్లాం. రేడియేటర్ మీద ఉన్నవి కారిన జాడలు కావు. ఫ్యాను చిమ్మిన చుక్కలు, పేరంటంలో బొట్టు పెట్టినట్టు ఎర్రగా వరసగా ఉన్నాయి. మొదలు మాత్రం ఫ్యాను వెనక, వాటర్ పంపు మెడ దగ్గర. ఖాజాభాయ్ ఫ్యాను రెక్క పట్టుకుని ఊపితే పాలపన్ను లాగా కదిలింది. ఆయన మొహం వాడింది. రేడియేటర్‌కు వేసిన మాట్లన్నీ ఆయన కళ్ల ముందు తిరుగుతున్నట్టున్నాయి. నేను బట్టీ పట్టిన రెండో పేజీ అందుకున్నాను.

"ఖాజాభాయ్, పంపుకు వీప్ హోల్ అని ఒకటి ఉంటది. చూడండ్రి."

ఆయన తల దూర్చి, చెయ్యి పంపు వెనకకు పోనిచ్చి చాలాసేపు తడిమాడు. "వీపు మీద ఏం హోల్ లేదు బేటీ. సాఫ్ ఉన్నది."

"వీపు కాదు, వీప్. ఏడ్చే బొక్క. పొట్ట కింద ఉంటది."

"లారీ ఏడ్వనీకె బొక్క ఇస్తరా? ఏం కంపెనీలో ఏమో" అంటూ స్క్రూడ్రైవర్‌తో పంపు అడుగున గీకాడు. రంగు పెచ్చు లేచింది. దాని కింద, రాయిలాగా గట్టిపడిన పసుపుముద్ద. ముద్ద మధ్యలో గుండ్రంగా కుంకుమ. అది ఊడి రాగానే లోపలినుంచి బెజ్జం బయటపడి, మా కళ్ల ముందే ఒక చుక్క రాల్చింది.

అందరం నాయినమ్మ వైపు తిరిగాం.

"ఏంది, నన్ను చూస్తున్నరు? దసరానాడు పూజ చేస్తుంటె గాడికెల్లి చుక్కలు చుక్కలు కారుతున్నది. పండగపూట ఇంటి బండి కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటె మంచిగుంటదా? పసుపు పెట్టి మూసిన. బొట్టు పెట్టిన. ఆగింది."

ఆగింది. అందరికీ కనబడే చోట ఆగింది. తర్వాత నాయిన దాని మీద రంగు కొట్టించాడు. ఇక బయటికి చెప్పుకునే దారి లేక ఆ నీళ్లు పంపు ఇరుసు వెంట పాకి, బేరింగును తినేసి, ముందుకొచ్చి ఫ్యాను మీద పడ్డాయి. ఫ్యాను వాటిని రేడియేటర్ మీద చిమ్మింది. మేమంతా రేడియేటర్‌ను అనుమానించాం. పాపం రేడియేటర్.

ఖాజాభాయ్ ఆ సాయంత్రానికల్లా కొత్త పంపు బిగించాడు. సోమవారం నిండు లోడుతో అడిక్‌మెట్ ఎత్తు ఎక్కాం. నాయిన రోడ్డు చూశాడు, నేను ముల్లును చూశాను. ముల్లు సగం దాకా వచ్చి, అక్కడ నాయినలాగా ఏమీ మాట్లాడకుండా నిలబడింది. ఎత్తు మీద ఆవిరి లేదు. నా కాళ్ల దగ్గరి క్యానులో నీళ్లు కదులుతున్నాయంతే. దిగేటప్పుడు నాయిన ఈలవేయబోయి, నేను పక్కనున్నానని గుర్తొచ్చి దగ్గాడు.

ఇప్పుడు స్రవంతి కారులో వేడి పెరగకముందే హెచ్చరిక బొమ్మ వెలుగుతుంది. మొన్న నన్ను దింపడానికి వస్తూ వాళ్లాయన ఆ బొమ్మ చూసి, ఫోను తీసి ఎవరికో చెప్పి, బండి వాళ్లకు అప్పగించాడు. సాయంత్రానికి తిరిగొచ్చింది. ఏమైందమ్మా అని స్రవంతిని అడిగితే "ఏదో లీకేజీ అంట అత్తా" అంది. ఎక్కడిదో, ఎందుకో వాళ్లకు తెలియదు, తెలియనక్కర్లేదు. అది సుఖమే, కాదనను. మాకు ఆ సుఖం ఉండి ఉంటే మాత్రం నాయిన పసుపూ నాయినమ్మ సున్నమూ ఎన్నటికీ కలిసేవి కావు. మా నాయినమ్మకు ఆ తర్వాత ఒక మాట ఊతపదమైంది. మా సందులో పెళ్లికూతురు అప్పగింతలప్పుడు వెక్కివెక్కి ఏడుస్తుంటే, శుభమా అని ఏడుపేమిటని పెద్దవాళ్లు అదిలించారు. నాయినమ్మ వాళ్లను పక్కకు నెట్టింది. "ఏడ్చేదాన్ని ఏడ్వనియ్యుండ్రి. మూస్తె లోపల బేరింగు పోతది." ఆ తర్వాతి దసరాకు కూడా ఆమె పంపుకు బొట్టు పెట్టింది. బెజ్జానికి పక్కన.

ఇక చెప్పుకోవలసిన కృతజ్ఞతలు. పింఛను భద్రంగా చూసుకుంటూనే నాకు దారి చూపిన ఓబులేసు గారికి. తప్పు రేడియేటర్‌ది కాదని తెలిశాక దాని అతుకుల మీద చెయ్యి వేసి "మాఫ్ చెయ్యి" అన్న ఖాజాభాయ్‌కి. ఆ రోజు పసుపు లేని తెల్లపప్పు వండి అందరికీ వడ్డించిన అమ్మ సత్తెమ్మకు. రోగమూ తానే తెచ్చి, మందు కూడా తానే పూసిన నాయినమ్మ రాజవ్వకు. పుస్తకం రాసిన దొరకు కూడా, పేరు గుర్తు లేకపోయినా.

చివరగా మా నాయిన నర్సింహకు. ఆ సోమవారం ఆయన మెస్సు దగ్గర ఆగలేదు. నిండు లోడుతో లారీని నేరుగా తీసుకుపోయి లైబ్రరీ మెట్ల ముందు నిలబెట్టాడు. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "గీడికి లారీ తీస్కరావొద్దన్నా. లైబ్రరీ ఇది." నాయిన ఇంజను ఆపలేదు. అవతలి వైపుకు వంగి నా తలుపు తీసి, వాచ్‌మన్‌కు ఎంతో మర్యాదగా జవాబు చెప్పాడు.

"తెలుసు తమ్మీ. లారీబరే కదా. మా పిల్ల దిగుతది, జెర ఆగు."

పై మెట్టు మీద ఓబులేసు గారు నిలబడి ఉన్నారు. టమాటల వాసన అక్కడి దాకా వచ్చింది. నేను దిగాను.